మాల తీసిన మర్నాడు ఏమవుతోంది? (షుగరు, తాగుడు, మనసు గురించి)



కోతలు దగ్గర పడుతున్నాయి. కార్తీకం వచ్చిందంటే మన డెల్టా ఊళ్ళల్లో నల్లబట్టలు, ఎర్రబట్టలు కనబడతాయి. కొందరిది అయ్యప్ప మాల, కొందరిది భవానీ మాల. ఈసారి వడ్ల ధర గురించో, కాలవ నీళ్ళ గురించో కాకుండా దీని గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

మనందరం చూసేదే. ఊళ్ళో రోజూ తాగేవాడు మాల వేసుకుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానం, పూజ, భజన, నేల మీద పడక. ఇరుముడి కట్టుకుని కొండకెళ్ళొస్తాడు, మాల తీస్తాడు. ఆ రాత్రికో మర్నాటికో మళ్ళీ బెల్టు షాపు దగ్గర తేలతాడు. మనం నవ్వుకుంటాం, "స్వామి దిగిపోయాడ్రా" అని జోకులేసుకుంటాం.

ఆ మనిషికి షుగరు కూడా ఉంటే అది జోకు కాదండీ. ఇప్పుడు ప్రతి ఊళ్ళో అలాంటివాళ్ళు ఉన్నారు. నేను చెప్పదలచుకుంది ఒకటే. షుగరు, తాగుడు, మనసు కుంగిపోవడం మూడు వేరు వేరు గొడవలు కావు. షుగరుకి మాత్రలిచ్చి, మిగతా రెండూ "వాడి బుద్ధి" అని వదిలేస్తే షుగరు కూడా తగ్గదు. వీటికి ఏం కావాలో ఆ 41 రోజులూ మన కళ్ళ ముందే కనబడుతోంది. మనమే పట్టించుకోవట్లేదు.

ముందు లెక్క చూద్దాం. ఐసీఎంఆర్ వాళ్ళు దేశమంతా చేసిన ఇండియాబ్ సర్వే 2023లో బయటికొచ్చింది. దాని ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే. ఇంకో 13 కోట్ల మందికి పైగా షుగరు అంచున ఉన్నారు. ఇది పట్నంలో కూర్చుని పనిచేసేవాళ్ళ జబ్బు అనుకునే రోజులు పోయాయి. మూడుపూటలా తెల్లన్నం తిని, దుక్కి, నాట్లు, కోతలు అన్నీ మిషన్లకి అప్పగించాక పల్లెలో మన ఒళ్ళు కూడా పట్నం ఒళ్ళే అయింది.

ఇక మనసు సంగతి. షుగరు ఉన్నవాళ్ళకి కుంగుబాటు, అంటే డిప్రెషన్, మిగతావాళ్ళ కంటే 2 నుంచి 3 రెట్లు ఎక్కువగా వస్తుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. డిప్రెషన్ దాకా పోకపోయినా, "ఈ జబ్బుతో వేగలేను" అనే విసుగు ఒకటుంది. డాక్టర్లు దానికి డయాబెటిస్ డిస్ట్రెస్ అని పేరు పెట్టారు. మన దేశంతో కలిపి 17 దేశాల్లో చేసిన డాన్-2 అనే సర్వేలో, షుగరు ఉన్నవాళ్ళలో నూటికి దాదాపు 45 మందికి ఈ విసుగు ఉన్నట్టు 2013లో తేలింది. అంటే ఇద్దరిలో ఒకరు అనుకోండి. మన ఊళ్ళో దీనికి పేరు లేదు. "ఈమధ్య వాడికి చిరాకు ఎక్కువైంది" అంటాం, అంతే.

ఎందుకు రాదు చెప్పండి? నలభై ఏళ్ళు కడుపునిండా అన్నం తిన్న మనిషికి ఒక్కరోజులో "అన్నం తగ్గించు, స్వీటు ముట్టకు, మామిడిపండు వద్దు" అంటారు. పెళ్ళి భోజనంలో పక్కవాడు విస్తట్లోకి తొంగి చూసి "నీకు షుగరు కదా, బూరె వద్దులే" అని నలుగురిలో అంటాడు. రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేస్తే నిద్రుండదు. కాళ్ళ మంటలు. పంచలోపల మాట ఒకటుంది, మగాళ్ళం ఎవరికీ చెప్పుకోం. షుగరు ముదిరితే నరాలు, రక్తనాళాలు దెబ్బతిని మగతనం తగ్గుతుంది. దానికి వైద్యం ఉంది, కానీ అడగడానికే సిగ్గు. పెళ్ళానికి మొహం చూపించలేక ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టే మనిషిని ఊరు తాగుబోతంటుంది.

దానికి తోడు మన బతుకులు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను కోతకొచ్చిన చేలని పడుకోబెట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు నీళ్ళలో ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కౌలు కట్టాలి, వడ్డీ కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి. ఆ దిగులే షుగరుని పెంచుతుంది. దిగులు పడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్లు కొన్ని రక్తంలో చక్కెరని పైకి తోస్తాయి. షుగరు పెరిగితే నీరసం, నీరసంలో పని సాగక ఇంకా దిగులు. సాయంత్రానికి ఒక క్వార్టర్ వేసుకుంటే కాళ్ళ మంటలు తెలీవు, అప్పు గుర్తుండదు, నిద్ర పడుతుంది. ఆ మనిషి సుఖం కోసం తాగట్లేదు, ఇవి మర్చిపోవడానికి తాగుతున్నాడు. మత్తు దిగాక మంటలూ ఉంటాయి, అప్పూ ఉంటుంది. ఆ నిద్ర కూడా రాత్రి రెండింటికే చెదిరిపోతుంది.

మన భాషలో షుగరుకి వేసుకునేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే, చేలో పురుగుకి కొట్టేదీ మందే. మూడూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి. మొదటి మందు మానేసి రెండో దాని మీద పడ్డ మనిషి ఉన్న ఇంట్లో మూడో మందు పెరటి గూట్లో ఎప్పుడూ ఉండకూడదు. తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టండి. ఒక్క గడ్డు రాత్రి దాటితే మర్నాడు మనిషి మనసు మారుతుంది. అందుకే ఇది ముందుగా చెబుతున్నా.

ఇప్పుడు అందరికీ తెలియాల్సిన అసలు సంగతి. మన లివరు రాత్రంతా కొంచెం కొంచెంగా చక్కెర వదులుతూ ఉంటుంది. అందుకే ఏమీ తినకుండా పడుకున్నా తెల్లారి లేవగలుగుతాం. మద్యం పడగానే లివరు ఆ పని పక్కనబెట్టి మద్యాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది. అదే మనిషి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో వేసుకుని, అన్నం తినకుండా తాగితే చక్కెర పడిపోతుంది. 70 కిందకి వస్తే చెమటలు, వణుకు, మాట తడబాటు, తూలడం మొదలవుతాయి. చూసేవాళ్ళకి ఇవన్నీ ఎలా కనబడతాయి? తాగినవాడిలాగే కనబడతాయి. వాసన కూడా వస్తుంది కాబట్టి "పొద్దున్నకి దిగిపోద్దిలే" అని అరుగు మీద వదిలేస్తాం. తెల్లారేసరికి అతను లేవకపోవచ్చు. లేచినా మెదడు దెబ్బతిని లేవొచ్చు. తాగిన రాత్రే కాదు, మర్నాడు కూడా ఇలా పడిపోవచ్చు.

కాబట్టి షుగరు ఉన్న మనిషి తాగి తూలుతుంటే మొదట తిట్టకండి, గ్లూకోమీటర్‌తో చుక్క రక్తం చూడండి. మీటరు లేకపోతే, తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఇది పదో తరగతి పిల్లాడికి కూడా నేర్పొచ్చు.

తాగుడు, షుగరు రెండూ విడివిడిగా కాళ్ళ నరాలని తింటాయి. రెండూ కలిస్తే స్పర్శ తొందరగా పోతుంది. దానికి బీడీ, చుట్ట తోడైతే రక్తనాళాలు పూడుకుపోతాయి. బురదలో దిగేవాళ్ళం మనం. గాజుపెంకు గుచ్చుకున్నా తెలియని కాలికి పుండు పడితే అది వేలితో ఆగదు.

ఇప్పుడు మాల దగ్గరికొద్దాం.

రోజూ తాగే మనిషి 41 రోజులు ఎలా ఆపగలిగాడు? "భక్తి" అంటాం. ఉంది, కాదనను. కానీ భక్తితో పాటు ఇంకేం మారాయో చూడండి. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్ళు ఇవాళ "స్వామీ" అంటున్నారు. కన్నబిడ్డలు కూడా స్వామీ అనే పిలుస్తున్నారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏ వేళకి ఏం చెయ్యాలో ఉంది. సాయంత్రం ఏడింటికి బెల్టు షాపు గుర్తొచ్చే వేళకి భజనలో పదిమంది మధ్య ఉంటున్నాడు. తాగమని ఎవడూ బలవంతపెట్టడు. "మాలలో ఉన్నా" అంటే ఆ ఒక్క మాటకి ఎదురు లేదు. తప్పు చేస్తే అడిగే గురుస్వామి ఉన్నాడు. ఇంట్లో ఆడవాళ్ళు అతని కోసం వేరుగా వండుతున్నారు.

42వ రోజు ఇవన్నీ ఒకేసారి పోతాయి. స్వామి మళ్ళీ "ఒరేయ్" అవుతాడు. సాయంత్రం ఏడింటికి చేసే పని ఉండదు. పాత స్నేహితులు "ఇన్నాళ్ళకి దొరికావు" అని చెయ్యి పట్టుకుంటారు. ఇంట్లో "ఎన్నాళ్ళుంటావో చూస్తాంగా" అనే మాట మొదలవుతుంది. అతను మారడానికి కారణమైనవన్నీ మనమే తీసేసి, మారలేదని మనమే అంటున్నాం.

అమెరికాలో 1935లో ఇద్దరు తాగుడు మానినవాళ్ళు ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం మొదలుపెట్టారు. అది ఇప్పుడు మన దేశంతో సహా ప్రపంచమంతా ఉంది. వాళ్ళు చేసేదేంటి? మానినవాళ్ళు వారం వారం కలుస్తారు, పేరు బయటపెట్టరు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోరు, ఈ ఒక్కరోజుకి తాగకుండా ఉందాం అనుకుంటారు. కష్టమైన వేళ ఫోన్ చేస్తే పలికే మనిషి ఒకడుంటాడు. మన దీక్షలో ఉన్నవే చాలావరకు ఇక్కడా ఉన్నాయి, అయితే వాళ్ళకి 42వ రోజు లేదు.

ఇక మాలతోనే వచ్చే ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. ఇది గురుస్వాములు, భవానీ గురువులు తప్పకుండా చదవాలి. దీక్షని తక్కువ చెయ్యడానికి రాయట్లేదు, కాపాడుకోవడానికి రాస్తున్నా.

ఏళ్ళ తరబడి రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తట్టుకోదు. మొదటిరోజే చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర పట్టదు. ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల లోపల కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి, ఎవరు ఏంటో తెలియదు. మనవాళ్ళు దాన్ని పూనకం అనో, గాలి అనో అంటారు. అది మద్యం ఒక్కసారి ఆపినందువల్ల వచ్చే జబ్బు, ప్రాణం తీస్తుంది. దానికి మందులున్నాయి. అలాంటి మనిషి మాల వేసుకునే ముందే డాక్టరు దగ్గరికెళ్ళి చెప్పుకుంటే ఆ నాలుగు రోజులూ మందులతో దాటించేస్తారు.

రెండోది, ఒక్కపూట భిక్ష. షుగరు మాత్ర మామూలుగా వేసుకుని తిండి ఒక్కపూటకి తగ్గిస్తే చక్కెర పడిపోతుంది. మాత్ర మోతాదు మార్చాల్సి రావొచ్చు. అది మనం సొంతంగా మార్చుకునేది కాదు, కొందరు చేసినట్టు "దీక్షలో మందులెందుకు" అని పూర్తిగా ఆపేసేదీ కాదు. మూడోది, చెప్పులు లేకుండా నడక. కాళ్ళకి స్పర్శ తగ్గినవాళ్ళు తారు రోడ్డు మీద ఇంద్రకీలాద్రి దాకా నడిస్తే బొబ్బలు వచ్చినట్టు కూడా తెలీదు. అమ్మవారు మన కాళ్ళు తీసుకోవాలని కోరుకోదు కదా. గురువుగారు ఒక్క మాట చెబితే మెత్తని చెప్పులు వేసుకోవడానికి ఆ మనిషి మొహమాటపడడు.

"ఇదంతా ఎందుకు, ప్రభుత్వం మందు అమ్మడం మానేస్తే సరిపోద్ది" అనేవాళ్ళున్నారు. అందులో న్యాయం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడితేనే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీఆర్ గారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో అది పోయింది. 2019లో షాపులు ప్రభుత్వం చేతికెళ్ళాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టరూ వచ్చాయి. ఈ ముప్పై ఏళ్ళలో ఏ ప్రభుత్వమైనా షాపు గురించే మాట్లాడింది. తాగుడుకి బానిసైన మనిషికి వైద్యం ఎక్కడ, ఎవరు చేస్తారు అనే మాట ఎన్నికల్లో ఎప్పుడైనా విన్నారా? బెల్టు షాపులు పోవాలి, సందేహం లేదు. కానీ రేపే అన్నీ మూసేసినా, ఇవాళ బానిసై ఉన్న షుగరు మనిషికి డాక్టరు కావాలి, పక్కన నిలబడే మనుషులు కావాలి.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. వాళ్ళు తాగట్లేదు కాబట్టి వాళ్ళకేం లేదనుకుంటాం. షుగరు ఉండి నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక, మందుల షాపులో చీటీ లేకుండా నిద్రమాత్ర తెచ్చుకుని రోజూ వేసుకునేవాళ్ళు ఉన్నారు. అల్ప్రాజొలాం లాంటివి అలవాటు పడితే మానడం కష్టం, ఒక్కసారిగా మానడం ప్రమాదం కూడా. అదీ వ్యసనమే. తాగే భర్తనీ, తన షుగరునీ, ఇంటినీ మోసే ఆ మనిషిని "నీకెలా ఉంది?" అని అడిగేవాళ్ళు ఉండాలి.

మరి ఏం చెయ్యాలి? నా బుద్ధికి తోచినవి ఇవి.

ఒకటి. పీహెచ్‌సీలో, ఊరి క్లినిక్‌లో షుగరు, బీపీ చూస్తున్నారు, మాత్రలిస్తున్నారు, మంచిదే. ఆ పుస్తకంలో ఇంకో మూడు ప్రశ్నలు చేర్చమని గ్రామసభలో అడుగుదాం. గత రెండు వారాలుగా ఏ పని మీదా మనసు పోవట్లేదా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? మద్యం, పొగాకు, నిద్రమాత్రలు ఎంత? మొదటి రెండూ ప్రపంచమంతా డాక్టర్లు డిప్రెషన్‌ని పట్టుకోవడానికి ముందుగా అడిగేవే. ఒక్క నిమిషం పని. నలుగురి ముందు కాకుండా పక్కకి పిలిచి అడగాలి.

రెండు. డాక్టరు దగ్గర నిజం చెప్పండి. "అప్పుడప్పుడు తాగుతానండీ" అని నసిగితే ఆయన రాసే మందు మీ ఒంటికి సరిపోదు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి బీ12 విటమిన్ తగ్గొచ్చు, దానివల్ల కూడా నరాల బాధ, నీరసం వస్తాయి. అది కూడా అడిగి పరీక్ష చేయించుకోండి. కాళ్ళ మంటలకి మాత్రలున్నాయి, వాటి కోసం క్వార్టర్ తాగక్కర్లేదు.

మూడు. ఫోన్ నంబర్లు రాసుకోండి. మనసు బాగోనప్పుడు 14416, టెలీ మానస్, 2022 నుంచి నడుస్తోంది. ఇరవైనాలుగ్గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు లేవు. తాగుడు, మత్తు మానడానికి 14446. విజయవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికెళ్ళినవాళ్ళని పిచ్చివాళ్ళనడం మానేద్దాం. పంటకి తెగులొస్తే వ్యవసాయాధికారిని అడగడానికి సిగ్గుపడతామా?

నాలుగు. ప్రతి ఊళ్ళో మాల వేసే ముందు గురుస్వామి రెండు మాటలు అడగాలి: "షుగరుందా స్వామీ? రోజూ తాగుతావా?" ఉందంటే వారం ముందే డాక్టరుకి చూపించుకుని రమ్మనాలి. ఆ మాట మనం వందసార్లు చెప్పినా వినడు, గురుస్వామి ఒక్కసారి చెబితే వింటాడు.

ఐదు. అన్నిటికంటే ముఖ్యం ఇదే. మాల తీశాక భజన ఆపకండి. వారానికి ఒక్కరోజు, శనివారమో శుక్రవారమో, అదే సాయంత్రం ఏడింటికి అదే పదిమంది గుళ్ళో కూర్చోండి. మసీదు అరుగైనా, చర్చి ఆవరణ అయినా సరే, మాల వేసుకోనివాళ్ళని కూడా పిలవండి. గ్లూకోమీటరు ఒకటి చందా వేసి కొనండి, అందరూ షుగరు చూసుకోండి. తాగకుండా ఎన్నిరోజులైందో ఎవరికి వాళ్ళు చెప్పుకోండి. జారినవాడు వస్తే "మళ్ళీ తాగావా" అనొద్దు, "వచ్చావా, కూర్చో" అనండి. తెగులొచ్చిన చేనుని తిట్టం కదా, మళ్ళీ మందు కొడతాం.

ఈ పోస్టు మీ ఊరి గురుస్వామికి చదివి వినిపించండి. ఈసారి మీ ఊళ్ళో ఎంతమంది మాల వేసుకున్నారు, వాళ్ళలో షుగరున్నవాళ్ళు ఎంతమంది, 42వ రోజు సాయంత్రం మీరు ఎక్కడ కలుస్తున్నారు, ఇప్పుడే అనుకోండి. అది అయ్యప్ప కొండకి టికెట్లు బుక్ చేసుకునే రోజే తేల్చుకోవాల్సిన విషయం.